ముందే రాసిన నివాళి

పేపరు ఇంకా రాలేదా అని మామగారు లోపలి గదిలోంచి మళ్లీ అడిగారు.

"రాలేదు మామయ్యగారూ. ఇవాళ ఆలస్యమట" అంది కోడలు, వంటింటి గుమ్మంలో నిలబడి.

పేపరు ఎప్పుడో వచ్చింది. గ్యాస్ సిలిండరు వెనక, మడతల మీద మడతలు పెట్టుకుని కూర్చుంది. అందులో మొదటి పేజీలో మామగారి ఫొటో ఉంది. ఫొటో పక్కన, ఆయన నిన్న సాయంత్రం కన్నుమూశారని ఉంది. ఆ వార్త రాసింది కోడలే.

మామగారిని బతికుండగానే పేపర్లో చంపిన కోడళ్లు లోకంలో ఇంకెవరైనా ఉన్నారేమో తెలీదు గానీ, ఆ ఇంట్లో మాత్రం ఒకరున్నారు.

పోయినవారం ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరు కొడుకునీ కోడలినీ పక్కకి పిలిచి గట్టిగా చెప్పాడు. గుండె బాగా అలిసిపోయింది, కోపం గానీ దుఃఖం గానీ భయం గానీ దగ్గరికి రానివ్వకండి అన్నాడు. తన చావువార్త తనే చదువుకోవడం ఈ మూడింటిలో దేని కిందికొస్తుందో కోడలికి తెలియదు. ఆయన అది చదివి గుండె పట్టుకుని ఒరిగిపోతే, రాసింది నిజమైపోతుంది. దిద్దుకోవడానికి కూడా ఏమీ మిగలదు. పొద్దున్నుంచీ ఆవిడని పీక్కుతింటున్న భయం ఇదొక్కటే.

"ఆలస్యమేంటి? వానా?" అన్నారు మామగారు.

ఆ గొంతుకి గోడలు అడ్డం కావు. రేడియోలో వార్తలు చదివిన గొంతు అది. ఊళ్లో ఇప్పటికీ ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, కంచుకంఠం అంటే చాలు. రిటైరై ఎన్నేళ్లయినా, మంచినీళ్లు అడిగినా అదేదో దేశానికంతటికీ చెబుతున్నట్టే ఉంటుంది.

"ఏమో మామయ్యగారూ, కనుక్కుంటాను" అంది కోడలు.

రేడియో కూడా ఆయన మంచం పక్కన లేదు. బ్యాటరీ పాడైందని చెప్పి కొడుకు తెల్లారగానే తీసేశాడు. ఫోను తీసేశారు. వీధివైపు తలుపు వేసేశారు. ఇంత చేసినా కోడలికి ధైర్యం చాలలేదు. నిజం తలుపు సందులోంచి కూడా దూరిపోగలదని ఆవిడకి అనిపిస్తోంది.

భర్త వరండాలోంచి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. ఆ పొద్దున ఆ ఇంట్లో పోట్లాటలన్నీ గుసగుసల్లోనే జరుగుతున్నాయి. గుసగుసల్లో తిట్టుకోవడం ఎంత కష్టమో వాళ్లకి అప్పుడే తెలిసొచ్చింది.

"గేటు దగ్గర పూలచక్రం పట్టుకుని ఎవరో నిలబడ్డారు. ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"పొరపాటున పడిందని చెప్పండి."

"పొరపాటంటే? పేరు తప్పు పడితే పొరపాటు. మనిషి బతికుండగా పోయాడని రాస్తే దాన్నేమంటారు మీ ఆఫీసులో?"

ఆఫీసులో దాన్నేమంటారో కోడలికీ తెలియదు, ఇంతకుముందు ఎవరూ చేయలేదు.

జరిగింది భర్తకి అప్పటికే చెప్పింది. చెప్పినకొద్దీ అది ఇంకా ఘోరంగా వినిపించింది. పేరున్న పెద్దవాళ్లు పోయినప్పుడు వాళ్ల జీవితం మీద పెద్ద కథనం వేయడం ఆవిడ పని. వార్త తెలిశాక కూర్చుని రాస్తే అంత బాగా రాదు కాబట్టి, వయసు మీదపడ్డ వాళ్లందరివీ ముందే రాసి ఉంచుతారు. వాటిని ఉంచే చోటుని ఆఫీసులో ఫ్రిజ్ అంటారు. ఫ్రిజ్‌లో ఉన్న ప్రతి కథనంలోనూ మొదటివాక్యం నిన్న సాయంత్రం కన్నుమూశారు అనే ఉంటుంది. అసలు రోజున సరిచేసుకుంటారు.

మామగారు ఆసుపత్రిలో పడ్డ దగ్గర్నుంచీ ఎడిటరు మొహమాటపడుతూ, ఆ మేటర్ ఓసారి చూసిపెట్టమ్మా అంటూనే ఉన్నాడు. నిన్న చూసింది. ఫొటోతో కలిపితే ఎంత జాగా పడుతుందో తెలుసుకోవడానికి మర్నాటి మొదటి పేజీలోనే పెట్టి చూసింది. ఈలోగా ఇంటి నుంచి ఫోను, మామగారి మాత్రలు కనబడటం లేదని. పెట్టినది తీయకుండానే లేచి పరిగెత్తింది.

పేజీలు సరిచూసే ఆయన అది చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. పాపం, ఇంత దుఃఖంలో కూడా పని పూర్తిచేసి వెళ్లింది, ఎంత పెద్దమనసు అనుకున్నాడట. ఇంకెవరి వార్తయినా అయితే ఇంటికి ఫోన్ చేసి రూఢి చేసుకునేవాళ్లే. కానీ ఇంటి కోడలే రాసి పెట్టాక ఇంకెవర్ని అడగాలి? దుఃఖంలో ఉన్న ఇల్లు, కదిలించకూడదని ఆఫీసులో అందరూ మర్యాదగా ఊరుకున్నారు. ఆ మర్యాదే కొంప ముంచింది.

భర్త స్టూలు మీద కూర్చున్నాడు.

"పోయినేడు నాన్న పక్కన కూర్చుని పాతసంగతులన్నీ అడిగేదానివి. చిన్నప్పుడు ఎక్కడ చదివారు, మొదటి వార్తలు ఏ రోజు చదివారు. నేను మురిసిపోయాను, నా భార్యకి మా నాన్నంటే ఎంత ఇష్టమో అని. దీనికోసమేనా?"

"ఇష్టం లేకపోతే ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేసేదాన్ని."

"దీనికోసమేనా అని అడుగుతున్నాను."

"అవును."

భర్త తల ఊపాడు. లేచి, గేటు దగ్గరికి వెళ్తూ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "అక్క బస్సులో ఉంది. ఫోన్లో నిజం చెప్పాక గానీ దాని ఏడుపు ఆగలేదు. అది వచ్చేలోగా ఆ ముక్క రాసి పంపించెయ్."

ఆ ముక్క ఎడిటరు అడిగిన వాక్యం. ఎడిటరు పొద్దున్నే ఫోన్ చేసి ముందు ఓదార్చాడు, విషయం తెలిశాక తిట్టాడు. చివరికి, ఆయన క్షేమంగా ఉన్నారని ఇంటివాళ్ల తరఫున ఒక్క వాక్యం రాసి పంపు, రేడియోకీ టీవీకీ అందరికీ నేనే పంపుతాను, నీ ఉద్యోగం సంగతి రేపు మాట్లాడదాం అన్నాడు.

ఒక్క వాక్యం. కోడలు ఫోను చేతిలో పట్టుకుని పొయ్యి పక్కన నిలబడింది. పోయినవాళ్ల గురించి పేజీలకు పేజీలు అవలీలగా రాసే మనిషికి, ఒక మనిషి బతికే ఉన్నాడని రాయడానికి వేళ్లు రావడం లేదు. రాసి చెరిపింది. మళ్లీ రాసింది. అపశకునం మాట ఏదీ పడలేదు కదా అని మళ్లీ చదువుకుంది.

పెరటి తలుపు చప్పుడైంది.

వచ్చింది వార్తలత్తయ్య. మామగారితో పాటు రేడియోలో వార్తలు చదివిన ఆవిడ, కోడలు పాత ఫొటోల్లోనే చూసింది. చిన్నప్పుడు భర్తా ఆడపడుచూ పెట్టుకున్న పిలుపు అది, ఇంటిల్లిపాదికీ అదే నిలిచిపోయింది. ఒకప్పుడు రోజూ వచ్చే మనిషి కాబట్టి వీధి గుమ్మం అడగకుండా అలవాటైన పెరటిదారిన వచ్చేసింది. చేతికర్ర మీద ఆనుకుని ఆయాసపడుతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అత్తయ్యగారూ, కూర్చోండి. ముందు మీకు..." అంది కోడలు.

"ఆగు. నన్ను చెప్పనీ. దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేను. మీ మామగారి గురించి అందరూ చెప్పేది ఒకటుంది, నాకు తెలిసింది ఒకటుంది."

ఆ క్షణంలో కోడలు నోరు తెరిచి, ఆయన బతికే ఉన్నారండీ అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. అనాలనే అనుకుంది కూడా. కానీ ఇన్నేళ్ల పని ఆవిడకి నేర్పింది ఒకటే. పోయినవాళ్ల గురించి ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే అడ్డురాకూడదు, ఒకసారి తెగిన మాట మళ్లీ అతకదు. ఆ అలవాటు నాలుక మీద కూర్చుంది. నోరు దానంతటదే మూసుకుపోయింది.

పెద్దావిడ స్టూలు మీద కూర్చుంది.

"పేపర్లో కింద నీ పేరు చూశాను. ఏరు పొంగిన రాత్రి గురించి రాశావు. చదివాను. రాత్రంతా మైకు ముందు నుంచి లేవలేదని, వీధి పేరు వీధి పేరూ పిలిచి జనాన్ని మేడల మీదకి ఎక్కించాడని. అబద్ధం కాదమ్మా. నేను పక్కనే ఉన్నాను. తెల్లారేసరికి గొంతులోంచి నెత్తురు పడింది."

గొంతు తగ్గించి చెబితే బాగుండునని కోడలు మనసులో వేడుకుంటోంది. వంటింటికీ మామగారి గదికీ మధ్య ఉన్నది ఒక్క పలచటి గోడ, ఒక తలుపు, తలుపుకి ఒక కర్టెను.

"కానీ దానికి ముందు ఇంకో వార్త చదివాడు. అది నువ్వు రాయలేదు. నీకు తెలియదు. ఎవరికీ తెలియదు, విన్నవాళ్లెవరూ మిగల్లేదు కాబట్టి."

కోడలు చెయ్యి చాచి కొళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులో మాట కలిసిపోతుందని. పెద్దావిడ ఎన్ని చప్పుళ్ల మధ్య మాట్లాడిన మనిషి! చప్పుడుకి తగ్గట్టు గొంతు పెంచింది. కోడలు గతుక్కుమని కొళాయి కట్టేసింది.

"చీకటిపడుతూనే ఒక కాగితం వచ్చింది. నీళ్లు తగ్గుతున్నాయి, బడుల్లో తలదాచుకున్నవాళ్లు ఇళ్లకి వెళ్లొచ్చు అని. అప్పుడు చదవాల్సిన వంతు నాది. కింద సంతకం లేదు. ఎవరు పంపారు అంటే చెప్పేవాడు లేడు. నేను చదవనన్నాను. పైవాళ్లు కేకలేశారు. మీ మామగారు నా చేతిలోంచి కాగితం లాక్కుని వెళ్లి చదివేశాడు."

"అత్తయ్యగారూ..."

"నేను చదివుంటే జనం సందేహించేవాళ్లేమో. ఆయన చదివితే ఎవరు సందేహిస్తారు? పల్లపు వాడ వాళ్లంతా పిల్లల్ని భుజాన వేసుకుని ఇళ్లకి నడిచారు. దీపాలు ఆర్పి పడుకున్నారు. ఆ తర్వాత వచ్చాయమ్మా నీళ్లు. ఎంతమంది అని మాత్రం నన్నడక్కు."

కోడలికి తను రాసిన మొదటి పేరా కళ్ల ముందు కదిలింది, వేలమందిని బతికించిన గొంతు అని. ఆ వాక్యం దగ్గర అప్పట్లో తనే కళ్లు తుడుచుకుంది కూడా.

"తెల్లారాక రేడియో స్టేషను మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఇంట్లో భార్యకి ఒంట్లో బాగులేదు, పిల్లలు చిన్నవాళ్లు. తను బతికున్నన్నాళ్లూ ఈ మాట బయటపెట్టొద్దు అన్నాడు. సరేనన్నాను. నాకూ ఆయనంటే గౌరవమే, ఇప్పటికీ గౌరవమే. కానీ ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కలేకపోయాను. ఆయన పిలవనూ లేదు."

కోడలికి ఇప్పుడు అర్థమైంది, ఇన్నేళ్లూ వార్తలత్తయ్య ఇంటికి ఎందుకు రాలేదో. పోయినేడు ఆయన దగ్గర కూర్చుని ఏరు పొంగిన రాత్రి గురించి అడిగితే, ఆయన అర్ధరాత్రి నుంచే కథ ఎందుకు మొదలుపెట్టారో కూడా.

"సాయంత్రం రేడియోలో ఆయన గురించి మాట్లాడమని పిలిచారు. రెండూ చెబుతాను, మొదటి వార్తా చెబుతాను, ఆ తర్వాత రాత్రీ చెబుతాను. పల్లపు వాడలో ఇంకా కొందరున్నారు. మా వాళ్లు తిరిగి ఇంటికెందుకు వెళ్లారు, అంత తెలివితక్కువ వాళ్లా అని ఇప్పటికీ తిట్టుకుంటూ బతుకుతున్నారు. వాళ్లకి తెలియాలి. మీరు రేడియోలో విని అదిరిపోకూడదని ముందు చెబుదామని వచ్చాను. అంతే. ఇంక నన్ను తిట్టుకో, ఏమైనా చేసుకో."

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

కోడలు గబుక్కున ఆ తలుపు వైపు చూసింది.

"ఎవరమ్మా లోపల?" అంది పెద్దావిడ.

"ఎవరూ... పాలు తెస్తాను, కూర్చోండి, ఇప్పుడే వస్తాను" అని నోటికొచ్చింది ఏదో అని, కోడలు పాలగిన్నె వైపు చూడనైనా చూడకుండా లోపలి గదిలోకి వెళ్లి తలుపు చేరవేసింది.

మామగారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. పాదాలు నేల మీద ఆనించి, రెండు చేతులతో పరుపు గట్టిగా పట్టుకుని. మొహం సున్నం కొట్టినట్టుంది. కోడలు పరిగెత్తివెళ్లి చెయ్యి పట్టుకుంది. నాడి తప్పి తప్పి కొట్టుకుంటోంది. మాత్ర డబ్బా కోసం వెతుక్కుంది.

"మామయ్యగారూ, పడుకోండి. ఏమీ లేదు. ఎవరో..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఆ తర్వాత కోడలు ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఎన్నడూ విననిది విన్నది. మామగారు గుసగుసలాడారు. ఆ గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని ఆవిడకి తెలియదు.

"నాకు పొద్దున్నే తెలుసమ్మాయ్."

"ఏం తెలుసు?"

"కిటికీ కింద ఎవరో ఏడుస్తున్నారు, నా పేరు చెప్పి. ఇంకొకాయన పూలు మోసుకొస్తున్నాడు. బతికున్నవాడికి అలాంటి పూలు తేరు కదా. అందుకే పేపరు అడుగుతున్నాను. నువ్వు ఏం రాశావో చూద్దామని."

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. పొద్దున్నుంచీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఈ గది చుట్టూ తిరుగుతోంది. ఈయనేమో అంతా తెలిసి, బుద్ధిగా పేపరు అడుగుతూ కూర్చున్నారు. నన్ను క్షమించండి, నా బుద్ధి గడ్డితింది అని ఏదేదో అంది. ఆయన వినిపించుకోలేదు. చూపంతా తలుపు మీదే ఉంది.

"ఆవిడ చెప్పింది నిజం" అన్నారు.

"మీరు మాట్లాడకండి. మీ ఒంట్లో..."

"మొత్తం నిజం. కాగితం లాక్కున్నానంది చూడు, అది కూడా. ఆవిడ ముందు నేను గొప్పవాణ్ని అనిపించుకోవాలని లాక్కున్నాను. అది ఆవిడకి తెలియదు." ఊపిరి అందక ఆగారు. మాత్ర నాలుక కింద పెట్టించుకుని మళ్లీ అందుకున్నారు. "నేను బతికున్నానని ఆవిడకి చెప్పారా?"

"లేదు."

"చెప్పకండి."

కోడలికి అర్థం కాలేదు. ఆయన కోడలి మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి.

"బతికున్నానని తెలిస్తే నోరు విప్పదు. మాట ఇస్తే తప్పే మనిషి కాదు. నేనా, చెప్పలేను. చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లలో ఎప్పుడో ఒకరోజు చెప్పేవాణ్ని. ఆ ఏటిగట్టు దాకా ఎన్నిసార్లు వెళ్లి తిరిగొచ్చానో నీకు తెలియదు. సాయంత్రం ఆవిడ చెప్పేదాకా నన్ను ఇలాగే ఉండనీ. పోయినవాణ్నిగానే ఉండనీ."

"మీ గుండె తట్టుకోదు మామయ్యగారూ. డాక్టరుగారు ఏమన్నారో..."

"తట్టుకోకపోతే నువ్వు రాసింది ఎలాగూ రాసే ఉంది కదా" అన్నారాయన. వేళాకోళానికే అన్నారు, పెదవులు కాస్త వంగాయి కూడా. పొద్దున్నుంచీ ఏ మాట పైకి అనడానికే కోడలు భయపడిందో, ఆ మాట ఆయన నోటివెంట వచ్చింది.

చేతిలో ఫోను మోగింది. ఎడిటరు. ఆ వాక్యం ఇంకా రాలేదేమని అడగడానికే అయ్యుంటుంది. పంపితే గంటలో ఊరంతటికీ తెలిసిపోతుంది, వార్తలత్తయ్యా ఇంటికి వెళ్లిపోతుంది, పల్లపు వాడ వాళ్లు రేపు కూడా తమవాళ్లని తిట్టుకుంటూనే లేస్తారు. పంపకపోతే ఈ మనిషి సాయంత్రం దాకా ఈ మంచం మీద, ఈ నాడితో, తన మీద తీర్పు వినడానికి కాచుకుని కూర్చుంటారు. అప్పుడు ఆయనకేమైనా అయితే భర్త మొహం ఎలా చూడాలి? కోడలు ఫోను మోగనిచ్చింది.

హాల్లో తలుపు తెరుచుకుంది. భర్త అడుగుల చప్పుడు వంటింటి దాకా వెళ్లి ఆగింది.

"వార్తలత్తయ్యా! మీరెప్పుడొచ్చారు?"

పెద్దావిడ ఏడుపు వినబడింది, ఎన్నాళ్ల తర్వాతో కన్నకొడుకుని చూసినట్టు. పేరుపెట్టి పిలుస్తూ, ఎంత పెద్దవాడివయ్యావురా అంటూ. భర్త గొంతు మెత్తబడింది.

"ఏడవకండి అత్తయ్యా. అయ్యో, మీరు ఏడవక్కర్లేదు. ముందు ఇలా చూడండి, మీకో మంచి మాట చెబుతాను."

మామగారి వేళ్లు కోడలి మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. ఆయన నోరు తెరిచారు, మూసేశారు. ఆయన ఒక్క మాట పైకి అంటే చాలు, గోడ అవతల ఉన్న మనిషి గుర్తుపట్టేస్తుంది. కొడుకుని పిలిచి ఆపగలిగింది కోడలొక్కతే.

నాడి ఒకసారి తప్పి, మళ్లీ అందుకుంది.

"ఏవండీ!" అంది కోడలు, గట్టిగా. "అత్తయ్యగారికి ఏమీ చెప్పకండి."

వంటింట్లో మాటలు ఆగిపోయాయి. చేతికర్ర నేలకి ఆనిన చప్పుడు, ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి, ఈ తలుపు వైపే వస్తోంది.

"ఏం చెప్పకూడదమ్మా?" అంది వార్తలత్తయ్య, కర్టెను అవతల నుంచి.